బద్రి తొవ్వల గేటు

దూరపు కొండలు నునుపు అన్నరు పెద్దలు. దగ్గరికి పోతే ఎట్లుంటయో నేను చెప్త గానీ బిడ్డా, ముందుగాల ఆ మంట జర ఎగదొయ్యి. ఫోను అవతల పెట్టు. ఇది రెండు నిమిషాలల్ల ఒడిసే ముచ్చట గాదు.

నువ్వు చూస్తున్న బాచుపల్లి వేరు. మియాపూర్ దిక్కు నుంచి వస్తుంటే రెండు పక్కల అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, మందుల కంపెనీలు. మా చిన్నతనాన ఇక్కడ జొన్న చేన్లు, వరి మళ్లు, మోట బావులు. మేడ్చల్ దాక ఎటు పోయినా అక్కడక్కడ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు కనవడుతుండె. మాకూ కొంత పందిరి ఉండె. ఎండకాలం మధ్యాహ్నం దాని కింద మంచమేసుకొని పంటే లేవబుద్ధి గాకపోయేది. పండ్లకు ధర పలికిన యేడు నాయిన మీసం మీద చెయ్యేసేటోడు, పలకని యేడు ఆ చెయ్యి నెత్తి మీదికి పోయేది.

1970ల మొదట్ల దుండిగల్‌ల ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నడక మొదలైంది. ఇక్కడికి దగ్గర్నే గదా. అప్పట్నుంచి మా నెత్తి మీద పొద్దంత విమానాల చప్పుడే. నేర్చుకునే పిలగాండ్లు నడిపే చిన్న విమానాలు, ఒకదాని ఎన్క ఒకటి గిరగిర తిరుగుతుండె. మొదట్ల ఎడ్లు బెదిరినయి. కొన్నాళ్లకు ఎడ్లు అలవాటు పడ్డయి, మా నాయిన మాత్రం పడలే. చప్పుడు ఇనవడితే నాగలి ఆపి, కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, అది కనవడకుండ పోయేదాక చూసేటోడు. "నా చేను మీదికెళ్లి ఇన్ని పోతున్నయి, ఒక్కదాంట్లనన్న నేను కూసోవద్దా?" అనేటోడు. అమ్మ నవ్వేది. అడిగినోళ్లందరికీ చెప్పేది గూడ.

నాయినకు ఇంకో కోరిక ఉండె. బద్రీనాథ్‌ల బ్రహ్మకపాలం కాడ తాతముత్తాతలకు పిండం పెట్టాలె. అక్కడ పెడితే ఆ పెద్దలకు ఇగ తిరిగి పెట్టే పని లేదంటరు, అంత గొప్ప జాగ అది. రెండు కోరికలూ ఒక్క ప్రయాణంల తీర్చుకుంటనని ఆయన 1986ల పట్టు పట్టిండు. రామారావు సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తున్న రోజులు. కార్డు ముక్క పదిహేను పైసలు. తులం బంగారం రెండు వేల చిల్లర. విమానం టికెట్టు ఎంతో ఇన్న తర్వాత అమ్మ దాన్ని బంగారం లెక్కల ఏసుకొని, రెండు పూటలు ఎవలితోని మాట్లాడలే. మూడో పూట నాయిన ఆ యేటి ద్రాక్ష పైసలు లెక్కపెట్టి ఆమె కొంగుల పోసిండు. అప్పుడు ఆమె అడిగింది ఒక్కటే మాట: "నాకూ టికెట్టు తీస్తున్నవా, లేదా?"

రిషికేశ్‌ల మా బావ ఉండబట్టి ఇంత ధైర్యం. బావ ఐడీపీఎల్‌ల నౌకరి. మన బాలానగర్ కాడ ఐడీపీఎల్ అని ఇనే ఉంటవు. నెహ్రూ కాలంల రష్యావోళ్ల సాయంతోని పెట్టిన సర్కారు మందుల కంపెనీ. ఇక్కడొకటి, రిషికేశ్ కాడ వీరభద్రల ఒకటి. ఇక్కడ రసాయనాలతోని చేసే మందులు, అక్కడ యాంటీబయాటిక్స్. రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు గూడ ఈ ఐడీపీఎల్‌ల పనిచేసినోరే, 1984ల సొంత కంపెనీ పెట్టిండ్రు. ఆయన లెక్కనే అక్కడ పని నేర్చుకున్నోళ్లు బయటికొచ్చి తలా ఒక దుకాణం తెరిస్తేనే గదా ఈ హైదరాబాదు మందుల ఊరైంది, మన బాచుపల్లికి ఆ వాసన వచ్చింది. ఆ పాత కంపెనీ ఎట్ల బతికింది, ఎట్ల సచ్చింది అనేది ఇంకో రాత్రి ముచ్చట. అది మొదలుపెడితే మనం బద్రి చేరం. ఎక్కడున్న? ఆఁ, బావ. ఆయనను ఇక్కడికెళ్లి అక్కడికి బదిలీ చేసిండ్రు.

కాశికి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటే అనేటోళ్లు అప్పట్ల. ఉత్తగ అన్న మాట గాదది. ఏనుగుల వీరాస్వామయ్య అని మద్రాసు సుప్రీం కోర్టుల దుబాసీ పని చేసిన పెద్దమనిషి 1830 మే నెలల కాశికి బయలెల్లి, మన హైదరాబాద్ మీదికెళ్లి, నాగపూర్ తొవ్వ పట్టి పోయి, మళ్ల మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు. పల్లకి, బోయీలు, గుడారాలు, పరివారం, అన్నీ ఉన్న మనిషికి అంత కాలం పట్టింది. కాలినడకన పోయినోని సంగతి నువ్వే అనుకో. అందుకే పోయే ముందు అప్పులు తీర్చుకునేటోళ్లు. పాలోళ్లతోని పగలుంటే ఇంటికి పోయి మాట కలుపుకునేటోళ్లు. మా నాయిన గూడ గట్టు పంచాది పెట్టుకున్న మనిషి ఇంటికి పోయి, "ఏమన్నుంటె మనసుల పెట్టుకోకు" అన్నడు. ఆయన ఏడ్చిండు, ఈయనా ఏడ్చిండు. గట్టు పంచాది మాత్రం తీరలే, వచ్చినంక మళ్ల మొదలైంది.

బేగంపేటకు ట్రాక్టర్ కట్టుకొని పోయినం. ముసలోళ్లు, పిలగాండ్లు, పూల దండలు, ఒక డప్పు గూడ. విమానాలు చూసేటందుకు అప్పుడు వేరే టికెట్టు ఉండేది, అది కొనుక్కొని పైకెక్కి చూసేటోళ్లు. మనిషి కనవడకున్నా సరే, విమానానికి చేతులూపేటోళ్లు. లోపల ఒకామె పళ్లెంల చాక్లెట్లు, దూది పట్టుకొచ్చింది. చాక్లెట్టు నోట్ల, దూది చెవులల్ల పెట్టుకోవాలె. అమ్మ రెండూ కొంగుకు కట్టుకున్నది, మనుమలకని. విమానంల పొగ తాగనిచ్చే కాలం అది, ఎనక సీట్లల్ల గుప్పుగుప్పున తాగుతుండె. మా నాయిన చుట్ట బయటికి తీసిండు గానీ, కిటికీల మబ్బులు కిందికి పోతుంటే చూసి, ముట్టియ్య మర్చి చేతుల పట్టుకొనే ఢిల్లీ దాక పోయిండు.

అసలు బుగులు ఢిల్లీ దాటినంక మొదలైంది. చిన్న చిన్న ఊళ్లకు విమానాలు తిప్పాలని వాయుదూత్ పెట్టిన రోజులు. డెహ్రాడూన్‌కు పోయేది చిన్న విమానం. ఎక్కే ముందు సామానుతోని పాటు మనుషులను గూడ కాంటా మీద నిలవెట్టి తూచిండ్రు. అంత చిన్నదాంట్ల బరువు అటుఇటు సమానం ఉండాలె గదా, తూకాన్ని బట్టి కూసోబెట్టిండ్రు. అమ్మ సంచీల సకినాలు, సత్తుపిండి, జాడీల కొత్త మామిడికాయ తొక్కు. తూచే పిలగాడు జాడీని రెండు మాట్ల చూసిండు. "అది తియ్యమంటె నేనే దిగిపోత" అన్నది అమ్మ తెలుగుల. ఆ పిలగానికి తెలుగు రాదు, కానీ సంగతి తెలిసింది.

మాకూ పైలట్‌కూ నడుమ తలుపు లేదు. ఆయన చేతులు కనవడుతున్నయి, ముంగట సూదులు ఊగేది కనవడుతున్నది. శివాలిక్ గుట్టలు దగ్గర పడేసరికి గాలి మొదలైంది. బావిల బొక్కెన జారినట్టు విమానం ఒక్కసారి కిందికి జారింది. కడుపుల ఉన్నది గొంతుల కొచ్చింది. నా పక్కనున్నాయన కండ్లు మూసుకొని గాయత్రి మొదలుపెట్టి, నడుమల మర్చిపోయి మళ్ల మొదటికెళ్లి అందుకుంటుండు. అమ్మ జాడీని ఒళ్లె పెట్టుకొని రెండు చేతుల పట్టుకున్నది. నాయిన మాత్రం పైలట్ చేతులనే చూస్తుండు, ఒక్కమాట లేదు. డెహ్రాడూన్ ఎయిర్‌పోర్టు జాలీగ్రాంట్‌ల ఉన్నది, చుట్టుముట్టు అడివి, నడుమల సన్నగ రన్‌వే. దిగినంక నాయిన సక్కగ పైలట్ కాడికి పోయి, "దుండిగల్‌ల నేర్చుకున్నవా?" అని అడిగిండు. నేను హిందీల చెప్పిన. కాదు, వేరే జాగల నేర్చుకున్ననన్నడు ఆయన. నాయిన జర సేపు ఆలోచించి, "అయినా మంచిగనే దింపినవ్" అన్నడు.

బావ ఇంట్ల ఆ రాత్రి ఎవలకూ నిద్ర లేదు. తెల్లారగట్ల బస్సు. రిషికేశ్ నుంచి బద్రీనాథ్ దగ్గర దగ్గర మూడు వందల కిలోమీటర్లు, దేవప్రయాగ దాక గంగ, ఆడికెళ్లి అలకనంద ఒడ్డు పట్టుకొని ఎక్కుడే. ఈ తొవ్వ మొదటి నుంచి ఉన్నది గాదు. 1962ల చైనా యుద్ధం అయినంక, మిలిటరీ సరిహద్దు దాక పోవాలని గుట్టలు పేల్చి రోడ్డును పైదాక ఏసిండ్రు. అంతకు ముందు చాన మటుకు నడకనే. నడిచేటోళ్లకు కొన్ని మైళ్లకొక చట్టీ. చట్టీ అంటే పూరిపాక, పొయ్యి, ఇంత పిండి అమ్మే దుకాణం. నడవలేనోళ్లను ఈపు మీద బుట్టల కూసోబెట్టుకొని మోసేటోళ్లు. కాలీ కమ్లీవాలా అని నల్ల కంబడి కప్పుకున్న ఒక బాబా పేరు మీద ఆ తొవ్వ పొంటి సత్రాలు కట్టిండ్రు. వాటిల్ల ఎంతమంది బీదోళ్లు తలదాచుకున్నరో దేవునికే ఎరుక. బస్సు కిటికీల నుంచి కింద ఆ పాత కాలిబాట అక్కడక్కడ కనవడుతుండె. చూసినప్పుడల్ల అమ్మ దండం పెట్టేది.

ఆ డ్రైవర్‌ను నేను మర్వలేను. మలుపు మలుపుకు హారన్. గుట్ట ఎక్కే బండికి దిగే బండి తొవ్వియ్యాలె, అది అక్కడి నీతి. బస్సు ఒక్కసారికి తిరగని మలుపు వస్తే ఎనకకు తియ్యాలె. కండక్టర్ దుంకి, ఎనక టైరు కింద పెట్టేటందుకు కట్టె మొద్దు పట్టుకొని నిలవడేటోడు. ఆ మొద్దుకు అవతల జానెడు మట్టి, దాని కింద అలకనంద. బస్సు ఎనక సీట్లల్ల కూసున్నోళ్ల కింద భూమి లేదు. కిటికీ పక్కకు కావాలని పొద్దుగాల కొట్లాడిన మనిషి దేవప్రయాగ దాటకముందే, "అమ్మా, మీరు కూసోండ్రి, గాలి మంచిగొస్తది" అని మా అమ్మకు జాగ ఇచ్చిండు. దిగితేనే గదా లోతు తెలిసేది.

దేవప్రయాగల భాగీరథి తెల్లగ నురుగు కక్కుకుంట వచ్చి అలకనందల కలుస్తది, ఆడికెళ్లి దాని పేరు గంగ. రుద్రప్రయాగల మందాకిని, కర్ణప్రయాగల పిండర్, నందప్రయాగల నందాకిని. రుద్రప్రయాగ కాడ ఒక ముసలాయన ఎక్కి, మనుషులను తిన్న చిరుత ముచ్చట చెప్పిండు. ఎనిమిదేండ్లు ఆ తొవ్వ జనాన్ని గడగడలాడిస్తే, 1926ల జిమ్ కార్బెట్ అనే దొర దాన్ని కొట్టిండు. రాత్రిపూట చట్టీలల్ల తలుపులకు బండరాళ్లు అడ్డం పెట్టుకొని పండేటోళ్లట. ఇనుకుంట ఇనుకుంట పిలగాండ్లు అమ్మల ఒళ్లల్లకు జరిగిండ్రు. పెద్దోళ్లూ జరిగిండ్రు గానీ, ఎవల ఒళ్లెకో చెప్పను.

పీపల్‌కోటి దాటినంక పాతాళగంగ అని ఒక జాగ. పేరు ఇంటేనే తెలుస్తది. ముందటి రాత్రి వాన పడ్డదట, గుట్ట జారి తొవ్వ మీద కూసున్నది. బండ్లన్నీ బారుగ ఆగినయి. పై నుంచి ఇంకా చిన్న చిన్న రాళ్లు టకటక రాలుతున్నయి. పెద్ద రాయి వచ్చే ముందు చిన్న రాళ్లు వస్తయి, అది గుర్తు పెట్టుకో. డ్రైవర్ బస్సును బాగ ఎనకకు తీసి, గుట్ట గట్టిగున్న జాగ చూసి ఆపి, "రాత్రి ఇక్కడ్నే" అన్నడు. మా బస్సుల చేతి గడియారం మనిషి ఒకాయన ఉండె, ఏదో పట్నం వ్యాపారి. నాకు ఫలాన రోజుకు తిరుగు రిజర్వేషన్ ఉన్నది, నడుచుకుంట ఆ మట్టి దాటి అవతల బండి ఎక్కుతనని లేచిండు. ఆత్రగానికి బుద్ధి మట్టం. డ్రైవర్ అరవలే, కొట్లాడలే. ఆయన చెయ్యి పట్టుకొని తీసుకపోయి, ఆ జారిన మట్టి ముంగట జరసేపు నిలవెట్టిండు. అంతే. ఒక మంచం అంత బండ వాళ్ల కండ్ల ముంగట్నే తొవ్వను దాటి నదిల పడ్డది. చప్పుడు చాన సేపటికి ఇనవడ్డది. ఆ వ్యాపారి వచ్చి కూసొని, గడియారం తీసి జేబుల ఏసుకున్నడు.

ఆ రాత్రి అమ్మ సంచి ఇప్పింది. సకినాలు గుజరాతోళ్లకు పోయినయి, వాళ్ల థేప్లాలు మాకొచ్చినయి. బెంగాలీ ముసలామె తొక్కు నాకి కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, మళ్ల చెయ్యి చాపింది. సలికి అందరం ఒకళ్లనొకళ్లం ఆనుకొని, ఎవల భాషల వాళ్లం భజనలు పాడుకున్నం. మిలిటరీ రోడ్డోళ్లు తెల్లారంగ బుల్డోజర్ తెచ్చి తొవ్వ తీసిండ్రు. ఆ మట్టి మీద బస్సు ఒరుగుకుంట దాటుతుంటే ఎవలు ఊపిరి తీసిండ్రో నాకు తెల్వదు, నేనైతే తియ్యలే.

ఇగ జోషీమఠ్. అక్కడ నరసింహస్వామి గుడి ఉన్నది, శంకరాచార్యులు స్థాపించిన మఠం ఉన్నది. అక్కడ్నే గేటు. జోషీమఠ్ నుంచి బద్రి దాక తొవ్వ ఎంత సన్నదంటే, ఎదురు బండి వస్తే జాగ లేకుండె. అందుకని ఇటు బండ్లను ఇడిస్తే అటు బండ్లను ఆపాలె. పొద్దుగాల నుంచి సాయంత్రం దాక టైం ప్రకారం గేటు తీసేటోళ్లు. ఆఖరి గేటు పడిందంటే ఎంతటోడైనా రాత్రి అక్కడ పండాల్సిందే. పోలీసాయన ఫోన్ తిప్పి, పై నుంచి ఆఖరి బండి నంబర్ అడిగి రాసుకునేటోడు. ఆ నంబర్ బండి కండ్ల పడ్డదాక గేటు లేవది. మా ముంగట ఒక కారాయన దిగి, నేను ఫలాన ఆఫీసర్‌ను అన్నడు. పోలీసాయన లేచి సలాం కొట్టిండు, కుర్చీ ఏసిండు, చాయ్ తాగమన్నడు. గేటు మాత్రం తియ్యలే. చాయ్ సగమైందో లేదో, మలుపు తిరిగి ఒకటెన్క ఒకటి బస్సులు, లారీలు, మిలిటరీ బండ్లు దిగుకుంట వచ్చినయి. ఆఫీసర్ సాబ్ అవన్నీ పోయేదాక నిలవడే చూసిండు. పోయేటప్పుడు ఆ పోలీసాయనకు మళ్ల సలాం కొట్టింది ఆయన్నే.

నాకు ఆ గేటు మీద ఇప్పటికీ గౌరవం బిడ్డా. మస్తు మంది పానాలు కాసిన కట్టె అది. జోషీమఠ్ నుంచి తొవ్వ నిట్టనిలువుగ విష్ణుప్రయాగకు దిగుతది. మళ్ల పాండుకేశ్వర్, హనుమాన్ చట్టీ మీదికెళ్లి ఎక్కుడే ఎక్కుడు. పది వేల అడుగులు దాటినంక ఊపిరి తెల్లగైతది, రెండడుగులేస్తే ఆయాసం. గుడి ముఖం రంగురంగులది. ఎనక నీలకంఠ శిఖరం. పక్కన తప్తకుండంల పొగలు కక్కే నీళ్లు, దాని పక్కనే మంచు నీళ్ల అలకనంద. పూజ చేసే రావల్ గారు కేరళ నంబూద్రి. ఆ కొస పూజారి, ఈ కొస దేవుడు, మనం నడుమల తెలుగోళ్లం. కొండంత దేవునికి కొండంత పత్రి ఏడికెళ్లి తెస్తం, అమ్మ తెచ్చిన గుప్పెడు తులసి, నాలుగు ద్రాక్షపండ్ల ఎండు ముక్కలు పెట్టినం.

బ్రహ్మకపాలం కాడ అయ్యగారు పేర్లు చెప్పుమన్నడు. గోత్రం తెల్వదంటే కాశ్యపమని చెప్పించిండు. నాయిన తాత పేరు చెప్పిండు, ముత్తాత పేరు చెప్పిండు. ముత్తవ్వ పేరు యాదికొస్తలేదు. సలిగాలిల అంగి లేకుండ కూసొని కండ్లు మూసుకున్నడు. అయ్యగారు తొందర పెట్టలే. చాన సేపటికి నాయిన ఆ పేరు చెప్పిండు, అంటుంటే గొంతు పూడుకపోయింది. అందరివి అయినంక మెల్లగ అడిగిండు: "మా పెద్దెద్దు సచ్చిపోయి మూడేండ్లు. దానికి ఒక ముద్ద పెట్టచ్చా?" అయ్యగారు ఆయన దిక్కు చూసి, "పెట్టు. పశువులకూ పెట్టచ్చు, ఎవలూ లేనోళ్లకూ పెట్టచ్చు" అని ఇంకో ముద్ద చేసిచ్చిండు. అక్కడి పండాలకు పెద్ద పెద్ద ఖాతా పుస్తకాలుంటయి, వచ్చినోళ్ల ఊరు, పేరు రాసుకుంటరు. బాచుపల్లి యాడుందని అడిగిండ్రు. హైదరాబాద్ అని రాస్తమన్నరు. నాయిన ఒప్పుకోలే. అక్షరం అక్షరం పలికి "బాచుపల్లి" అని రాయించినంకనే లేచిండు.

మేం క్షేమం అని నేను కొట్టిన టెలిగ్రాం మాకంటె ఎనక ఊరికొచ్చింది. ఊళ్లె గంగపూజ చేసి అందరికీ బువ్వ పెట్టినం, ఉద్ధరిణెతోని తలా ఒక చుక్క గంగనీళ్లు.

ఆ గేటు పద్ధతి గూడ ముందటి లెక్క లేదు, తొవ్వ వెడల్పయింది. ఎక్కువ మంది పోవుడు, గబగబ వచ్చుడు మొదలైంది. 2013 జూన్ 16, 17ల కేదార్‌నాథ్ పైన చోరాబారి చెరువు తెగి మందాకిని ఊళ్లకు ఊళ్లనే ఊడ్చుకపోయినప్పుడు మన తెలుగోళ్లు ఎంతమంది ఆ గుట్టలల్ల చిక్కుకున్నరో యాదున్నదా? ఢిల్లీల ఆంధ్రాభవన్ ముంగట టీవీలల్ల తల్లులు ఏడ్చుడు చూసి మీ అవ్వ అన్నం ముట్టలే. 2018 జులైల మానససరోవరం పోయొచ్చేటోళ్లు నేపాల్‌ల సిమికోట్, హిల్సాల ఆగిపోయిండ్రు. సిమికోట్‌కు చిన్న విమానం, ఆడికెళ్లి హిల్సాకు హెలికాప్టర్, ఆ తర్వాతనే రోడ్డు. మబ్బు దిగితే ఏదీ ఎగరది. వందల మంది, అండ్ల మనోళ్లు మస్తుమంది, మబ్బు ఇచ్చుకునేదాక సలిల కూసున్నరు. 2025 జూన్ 15న పొద్దుపొద్దుగాల, మబ్బు కమ్మి ఉండంగ, కేదార్‌నాథ్ నుంచి బయలెల్లిన హెలికాప్టర్ గౌరీకుండ్ కాడ కూలి ఏడుగురు పోయిండ్రు. అండ్ల ఒక పసిపిల్ల.

నువ్వు గూడ మే నెలల ఆ గుట్టలకే హెలికాప్టర్ టికెట్టు తీస్తున్నవని మీ అమ్మ చెప్పింది. శుక్రవారం రాత్రి శంషాబాద్‌ల ఎక్కి, సోమవారం పొద్దుగాల హైటెక్ సిటీ ఆఫీసుల కూసుంటవట! పో బిడ్డా, తప్పకుండ పో, నేను వద్దనను. కానీ ఆ టికెట్టు మార్చి, నడుమల ఇంకో నాలుగు రోజులు పెట్టు. పైలట్ ఇయ్యాల ఎగరనంటే ఎందుకని అడగకు, చాయ్ తాగి కూసో. రాత్రిపూట గుట్ట తొవ్వల బండి నడపనంటడు డ్రైవర్, ఎక్కువ పైసలిస్తనని ఆయనకు ఆశ పెట్టకు. ఉన్ని టోపీ నా పెట్టెల ఉన్నది, తీసుకపో. సకినాలు మీ అవ్వ చేస్తది. మీ మేనేజర్ ఒప్పుకోకుంటే ఫోన్ కలిపియ్యి, నేను మాట్లాడుత.